పొగగొట్టంలో వెలుగు లెక్క

(ఉత్తర చెన్నై తెలుగు నివాసుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను మాట్లాడదలచిన విషయం పేరు కొంత కఠినంగా వినిపిస్తుంది: సమీప పరారుణ కాంతి సహాయంతో పరిశ్రమల వాయువులను ఎడతెగకుండా విశ్లేషించడం. పేరు ఎంత కఠినమైనదైనా దాని సారం మనం పీల్చే గాలికి సంబంధించినది. కనుక ఇంజనీర్లకే పరిమితమైన విషయంగా దీనిని విడిచిపెట్టకుండా, ఇల్లు గడుపుకొనే ప్రతివారికీ అర్థమయ్యే విధంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మనం నివసించే ఈ ఉత్తర భాగానికి రెండు ముఖాలున్నాయి. తిరువొత్తియూరు త్రిపురసుందరిపై త్యాగరాజస్వామి తెలుగులో కీర్తనలు రచించిన నేల ఇది. చమురుశుద్ధి, ఎరువులు, రసాయనాలు, విద్యుదుత్పత్తి కర్మాగారాలు వరుసగా వెలసిన నేల కూడా ఇదే. తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి కట్టడ పనులకు ఇటీవల వచ్చి చేరినవారూ ఉన్నారు. ఆ కర్మాగారాలలో మనవారికి అన్నం దొరుకుతున్నది. వాటి పొగ కూడా మన ఇళ్ళ మీదుగానే పోతున్నది. తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ప్రకటించిన జాబితాలో మణలి ఉన్నది. 2023 డిసెంబరు 26 రాత్రి ఎన్నూరు తీరాన సముద్రగర్భపు గొట్టం నుండి అమ్మోనియా వెలువడినపుడు, పిల్లలను ఎత్తుకొని ఇళ్ళు విడిచి పరుగెత్తిన జనాన్ని మనలో చాలామంది ఎరుగుదురు.

ప్రమాదకర రసాయనాలతో పనిచేసే కర్మాగారాలు తమ ప్రధాన ద్వారం వెలుపల బోర్డు నిలిపి, ఆ రసాయనాల వివరాలను, తమ నుండి వెలువడే వాయువులు, మురుగునీరు, వ్యర్థాల వివరాలను జనానికి చూపాలని 2003లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అటువంటి బోర్డులు మనలో చాలామంది చూసే ఉంటారు. వాటి మీద అంకెలు కనిపిస్తాయి. ఆ అంకె ఎలా పుడుతుంది, దానిని ఎంతవరకు నమ్మవచ్చు, నమ్మడానికి ముందు ఏమి అడగాలి అన్నదే నా ప్రసంగ విషయం.

పూర్వపు పద్ధతి ఇది. అధికారి వస్తాడు. పొగగొట్టం పైకి ఎక్కి, కొంత వాయువును సీసాలోనికో సంచిలోనికో తీసుకొని ప్రయోగశాలకు పంపుతాడు. కొన్ని రోజులకు ఫలితం వస్తుంది. ఈ పద్ధతి నేటికీ అవసరమే. దాని అవసరం ఎక్కడ ఉన్నదో తరువాత చెబుతాను. అయితే అది చెప్పేది ఆ ఒక్క గంట సంగతి మాత్రమే. రాత్రి రెండింటికి జ్వరం వచ్చే బిడ్డకు మధ్యాహ్నం పన్నెండింటికి థర్మామీటరు పెట్టి చూస్తే ఏమి తెలుస్తుంది? కొలిమి కూడా అంతే. ఇంధనం మారినపుడు, యంత్రాన్ని ఆపి తిరిగి మొదలుపెట్టినపుడు, రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువగా ఉన్నపుడు పొగ స్వభావం మారిపోతుంది. దానిని కనిపెట్టాలంటే కొలత ఎడతెగకుండా సాగాలి.

ఈ అవసరాన్ని తీర్చేది వెలుగు. 1800లో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో థర్మామీటరును ఉంచి చూశాడు. ఎరుపు దాటిన తరువాత, కంటికి ఏమీ కనిపించని చోట కూడా పాదరసం పైకి ఎక్కింది. ఆ కనబడని కాంతికే పరారుణ కాంతి అని పేరు. ఎరుపుకు ఆనుకొని ఉన్న భాగం, అంటే సుమారు 780 నుండి 2500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల భాగం, సమీప పరారుణం. 1859లో జాన్ టిండల్ లండన్‌లో చేసిన ప్రయోగాలు మరొక విశేషాన్ని వెల్లడించాయి. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వంటివి పరారుణ కాంతిని తమలో ఇముడ్చుకొంటాయి. గాలిలో అధికభాగమైన నైట్రోజన్, ఆక్సిజన్‌లు దానిని దాదాపు యథాతథంగా పోనిస్తాయి.

ఒక్కొక్క వాయువు ఒక్కొక్క తరంగదైర్ఘ్యాన్నే ఎందుకు మింగుతుంది? అణువులోని పరమాణువులు తీగకు కట్టిన గుళ్ళ వలె నిరంతరం కంపిస్తూ ఉంటాయి. ప్రతి అణువుకు తనదైన శ్రుతి ఉన్నది. ఆ శ్రుతికి సరిపడే కాంతి వచ్చినపుడే దానిని గ్రహిస్తుంది. సంగీతం తెలిసినవారికి ఇంకొక మాట చెబుతాను. తంబూరా మంద్ర తీగను మీటితే ఆ స్వరంతో పాటు అంతరగాంధారం తనంతట తానే సన్నగా వినిపిస్తుంది. అణువులకు కూడా ఇటువంటి ఉపస్వరాలు ఉన్నాయి. హైడ్రోజన్ క్లోరైడ్ మూల స్వరం 3500 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటే, దాని మొదటి ఉపస్వరం అందులో సుమారు సగం, అంటే 1740 నానోమీటర్ల దగ్గర ఉన్నది. సమీప పరారుణ విశ్లేషణ చాలావరకు ఈ ఉపస్వరాలను వినడమే. అమ్మోనియాను 1512 నానోమీటర్ల దగ్గర, మీథేన్‌ను 1653 దగ్గర, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను 1280 పరిసరాలలో గుర్తిస్తారు. ఆక్సిజన్ సంగతి వేరు. దానికి పరారుణంలో చెప్పుకోదగిన కంపన స్వరం లేదు. అయినా ఎరుపు అంచున 760 నానోమీటర్ల దగ్గర సన్నని గీతలున్నాయి. 1814లో ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతి వర్ణపటంలో చూసి, మొదటి అక్షరంతో గుర్తించిన నల్లని గీత అదే. సూర్యుని వెలుగు మన భూమి మీది ఆక్సిజన్ గుండా వచ్చేటపుడు పడిన గీత అది.

ఉపస్వరం మూల స్వరం కన్నా బలహీనం. మరి బలహీనమైన దానిని ఎందుకు ఎంచుకొన్నారు? మూల స్వరాలను వినే పరారుణ యంత్రాలు 1938లోనే జర్మనీ రసాయన పరిశ్రమలో పుట్టాయి. నేటికీ వాడుకలో ఉన్నాయి. కాని సమీప పరారుణానికి ఒక గొప్ప అండ దొరికింది. ఈ నగర వీధుల క్రింద ఇంటర్నెట్ కోసం పరచిన గాజు తీగల కేబుల్‌లో ప్రయాణించేది 1300, 1550 నానోమీటర్ల పరిసరాలలోని కాంతియే. టెలిఫోన్ రంగం కోసం అభివృద్ధి అయిన చిన్న డయోడ్ లేజర్లు, కాంతిని పసిగట్టే సాధనాలు, గాజు తీగలు వాయువుల విశ్లేషణకు కూడా అక్కరకు వచ్చాయి. అవి మన్నికైనవి, విపరీతంగా చల్లబరచవలసిన పని లేనివి. ఎదురుగా ఉన్న కొలిమి దగ్గర నుండి దూరంగా ఉన్న కంట్రోల్ రూముకు గాజు తీగ ద్వారానే కాంతిని నడిపించవచ్చు.

ఇక కొలత జరిగే తీరు చూడండి. పొగగొట్టానికి ఒక ప్రక్క లేజరు, ఎదురు ప్రక్క గ్రాహకం అమర్చుతారు. లేజరు తన తరంగదైర్ఘ్యాన్ని అతి స్వల్పంగా అటూ ఇటూ జరుపుతూ, కావలసిన వాయువు గీతను క్షణానికి ఎన్నోసార్లు దాటి పోతుంది. గీత మీద ఉన్నపుడు కాంతి తగ్గుతుంది. గీత ప్రక్కకు జరిగినపుడు తగ్గదు. ఈ రెండింటి తేడాయే వాయువు పరిమాణాన్ని తెలుపుతుంది. పొగలో దుమ్ము ఉంటే అది రెండు చోట్లా కాంతిని సమానంగా తగ్గిస్తుంది కాబట్టి తేడా చెడదు. వాయువును బయటికి లాగకుండా, అది ప్రవహించే చోటనే కొలవడం దీని ప్రధాన ప్రయోజనం. అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వంటివి గొట్టం గోడలకు అంటుకొంటాయి, తడి తగిలితే నీటిలో కరిగిపోతాయి. గొట్టం ద్వారా లాగి కొలిచే పద్ధతిలో ఆ గొట్టాన్ని పొడవునా వేడిగా ఉంచకపోతే, కొంత వాయువు దారిలోనే మాయమై అంకె తక్కువ చూపుతుంది. లేజరు పద్ధతిలో ఆ దారి లేదు. జవాబు ఒకటి రెండు సెకన్లలో వస్తుంది.

ఆ సెకన్లకు విలువ ఉన్నది. కొలిమిలో గాలి ఎక్కువైతే వేడి వృథాగా పొగగొట్టం గుండా పోతుంది. తక్కువైతే ఇంధనం పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువు పేరుకొన్న చోట దుమ్మును పట్టే విద్యుత్ యంత్రంలో ఒక్క నిప్పురవ్వ చాలు, పేలుడు సంభవిస్తుంది. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్‌లను క్షణక్షణం చూపే సాధనం ఉంటే, అక్కడ పనిచేసే మనిషి సకాలంలో తప్పుకోగలడు, యంత్రం తనంతట తాను ఆగగలదు. కనుక ఈ వెలుగు మొదట కాపాడేది గోడకు లోపల ఉన్న కార్మికుణ్ణి. కార్మికుడు, ఇరుగుపొరుగు జనం వేరువేరు పక్షాలు కారు. మన వీధులలో వారిద్దరూ ఒకే ఇంటిలో ఉంటారు.

గోడ వెలుపల కూడా దీనికి పని ఉన్నది. ప్రహరీ వెంబడి బహిరంగంగా లేజరు కిరణాన్ని ప్రసరింపజేసి అమ్మోనియా జాడను కనిపెట్టవచ్చు. పది లక్షల భాగాల గాలిలో 300 భాగాల అమ్మోనియా ఉంటే అది ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ అపాయకరమని వృత్తి భద్రతా శాస్త్రం నిర్ణయించింది. దానికి చాలా ముందే హెచ్చరిక మ్రోగించడం సాధ్యమే. వంట గ్యాసు గొట్టాలు పగిలి మీథేన్ కారుతున్నదా అని దూరం నుండి చూసే చేతి పరికరాలు కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. గాలిలో మీథేన్ 5 శాతం నుండి 15 శాతం వరకు ఉంటే అంటుకొనే గుణం గలది. 5 శాతానికి చేరకముందే చూడగలగడం ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు దీని శక్తిని చెప్పాను. దీని పరిమితులు చెప్పకపోతే నేను యంత్రం అమ్మడానికి వచ్చినవాణ్ణవుతాను. ఈ సమీప పరారుణ లేజరు అన్నింటినీ చూడలేదు. బొగ్గు పొగలోని గంధక వాయువైన సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టడానికి ఇది తగదు. దానికి మధ్య పరారుణ భాగంలోనో, అతినీలలోహిత భాగంలోనో పనిచేసే వేరే సాధనాలు కావాలి. దుమ్ము బరువును ఇది చెప్పదు. చెత్తను కాల్చినపుడు అతి స్వల్ప పరిమాణంలో పుట్టే డయాక్సిన్లను ఇది చూడనే చూడలేదు. వాటికి గంటల తరబడి నమూనా సేకరించి ప్రయోగశాలలో పరీక్షించడమే మార్గం. పాత పద్ధతి నేటికీ అవసరమని ముందు అన్నది అందుకే. పైగా లేజరు చూసే గాజు కిటికీకి మసి పట్టకుండా శుభ్రమైన గాలినో నైట్రోజన్‌నో ఊదుతూ ఉండాలి. పొగ ఉష్ణోగ్రత, పీడనం మారితే గీత ఆకారం మారుతుంది. వాటిని కూడా వెంటవెంటనే కొలిచి లెక్కలో చేర్చాలి. తెలిసిన పరిమాణంలో వాయువు నింపిన సిలిండరుతో యంత్రాన్ని నియమిత కాలానికి ఒకసారి సరిచూడాలి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. దయచేసి ఈ చిన్న లెక్కను శ్రద్ధగా వినండి. చెత్త నుండి విద్యుత్తు తీసే కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పీవీసీ ప్లాస్టిక్ కాలినపుడు హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. కళ్ళను, గొంతును మండించే వాయువు అది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు దానికి విధించిన హద్దు ఒక ఘనమీటరుకు 50 మిల్లీగ్రాములు. బోర్డు మీద 30 అని ఉన్నదనుకోండి. చూసినవారు తృప్తిపడి వెళ్ళిపోతారు. కాని ఆ నియమాలలోనే మరొక షరతు ఉన్నది: ఏ కొలతనైనా పొగలో ఆక్సిజన్ 11 శాతం ఉన్నప్పటి లెక్కకు, తేమ లేని వాయువు లెక్కకు మార్చి చూడాలి.

ఎందుకంటే పొగలో గాలి కలిపితే అంకె తగ్గుతుంది, విషం మాత్రం తగ్గదు. పాలలో నీళ్ళు కలిపితే చెంబెడు పాలు రెండు చెంబులవుతాయి. వెన్న మాత్రం పెరగదు కదా. ఆ నీళ్ళ లెక్క తేల్చేది ఆక్సిజన్ కొలత. బయటి గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. లెక్క ఇది: 21లో నుండి 11 తీసివేస్తే 10. 21లో నుండి పొగలో నిజంగా ఉన్న ఆక్సిజన్ శాతాన్ని తీసివేయాలి. మొదటి దానిని రెండవ దానితో భాగించి, వచ్చిన దానితో బోర్డు మీది అంకెను గుణించాలి. పొగలో ఆక్సిజన్ 16 శాతం ఉంటే 21లో నుండి 16 పోగా 5. పదిని అయిదుతో భాగిస్తే రెండు. అంటే 30 అన్నది నిజానికి 60. హద్దు 50. లోపల ఉన్నదనుకొన్నది హద్దు దాటిపోయింది. తేమను సరిచేసే లెక్క దీనికి అదనం.

ఈ ఉదాహరణలోని అంకెలు నేను విషయం విశదం చేయడానికి ఊహించినవి. ఏ కర్మాగారానికీ సంబంధించినవి కావు. అయినా దీని నుండి నేర్చుకోవలసినది ఒకటే. ఏ విష వాయువు అంకె అయినా ఆక్సిజన్ అంకె తోడు లేకుండా ఒంటరిగా నిలబడితే దానిని పూర్తి సమాధానంగా తీసుకోకూడదు. 760 నానోమీటర్ల దగ్గరి ఆ సన్నని గీత మిగిలిన అన్ని అంకెలకు సాక్షి.

చట్టం మనకు ఇచ్చిన ఆధారాలు కూడా చెబుతాను. అత్యధిక కాలుష్యం కలిగించే 17 తరగతుల పరిశ్రమలు తమ వాయువులను, మురుగునీటిని నిరంతరం కొలిచే సాధనాలు అమర్చి, ఆ వివరాలను నేరుగా పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ వివరాలు ప్రజలకు కనిపించాలని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పలికింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజులలో జవాబు పొందే హక్కు ఉన్నది. గిండీలోని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయానికి తమిళంలోగాని ఆంగ్లంలోగాని దరఖాస్తు చేయవచ్చు. తమిళం వ్రాయరాని మన సోదరులకు, తమిళ బడులలో చదివిన మన పిల్లలు ఈ ఒక్క పని చేసిపెట్టగలరు.

అడగవలసిన ప్రశ్నలు నాలుగు. మొదటిది: ఏ వాయువులను నిరంతరం కొలుస్తున్నారు, ఏవి కొలవడం లేదు? కొలవని వాటికి ప్రయోగశాల పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది? రెండవది: ఈ అంకె ఆక్సిజన్‌ను బట్టి సరిచేసినదా, అప్పటి ఆక్సిజన్ శాతం ఎంత? మూడవది: గడచిన నెలలో ఎన్ని గంటలు కొలత ఆగిపోయింది, ఆగిన గంటలలో కొలిమి మండుతున్నదా? నాలుగవది: యంత్రాన్ని సిలిండరు వాయువుతో చివరిసారి ఏ తేదీన సరిచూశారు? గంటల తరబడి ఒకే అంకె కదలకుండా నిలిచి ఉంటే దానిని కూడా ప్రశ్నించండి; మంట అన్నది ఎన్నడూ అంత నిలకడగా ఉండదు.

మనం చేయవలసినది కూడా కొంత ఉన్నది. తడి చెత్తను పొడి చెత్తలో కలిపి ఇస్తే కొలిమి వేడి పడిపోతుంది, అసంపూర్ణంగా కాలిన వాయువులు పెరుగుతాయి. పీవీసీ గొట్టం ముక్కలు, వైరు పైపొరలు, రెక్సిన్ వంటివి మామూలు చెత్తలో వేస్తే, వాటిలోని క్లోరిన్ ఏదో ఒక పొగగొట్టం నుండి మన వీధికే తిరిగి రావచ్చు. వీధి చివర చెత్త తగలబెట్టే మంటకు లేజరూ లేదు, బోర్డూ లేదు, సున్నపు శుద్ధీ లేదు. దాని లెక్క ఎవరి దగ్గరా ఉండదు. దానిని ఆపడం మన చేతిలోనే ఉన్నది.

ఈ నాలుగు ప్రశ్నలను ఒక కాగితం మీద తెలుగులోను, తమిళంలోను వ్రాసి ప్రతి వీధి సంఘం దగ్గర ఉంచవలసిందిగా కోరుతున్నాను. రాబోయే వార్డు సభలో ఎవరైనా ఒకరు లేచి వాటిని అడగండి. అధికారులలో శ్రద్ధ గలవారు సంతోషంగానే సమాధానం చెబుతారు. సమాధానం రాకపోతే దరఖాస్తు వ్రాయండి.